‘ప్రిఫర్’ పక్కన ‘దేన్’ ఎందుకు రాదక్కా?

“అక్కా, మాస్టర్స్‌కి ఫ్రాన్స్‌లోని టులూజ్ వచ్చి మూడు నెలలైంది. ఫ్రెంచ్ నేర్చుకుందామని టాండెమ్‌లో చేరాను. వారానికి ఒక గంట ఒక ఫ్రెంచ్ అబ్బాయి నాకు ఫ్రెంచ్ చెప్తాడు, నేను అతనికి ఇంగ్లీష్ చెప్తాను. అతనికి త్వరలో టోయిక్ అనే ఇంగ్లీష్ పరీక్ష ఉంది. మొన్న మాటల్లో నేను ‘ఐ ప్రిఫర్ టీ దేన్ కాఫీ’ అన్నాను. ‘దేన్ కాదేమో, టు కదా?’ అని అతనే దిద్దాడు. ఒకటో క్లాసు నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివి ఫ్రెంచ్ వాడితో దిద్దించుకున్నానని తల కొట్టేసినట్టయింది. వచ్చే వారం పాఠం ఇష్టాయిష్టాలు చెప్పడం గురించే. నేను మాంసం తినను, అదీ అందులో వస్తుంది. ఎలా చెప్పను?”

అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు చెల్లీ. తప్పు నీది కాదు, మన ‘కంటే’ది. ‘కాఫీ కంటే టీ ఇష్టం’ అని పుట్టినప్పటి నుంచి అంటున్నాం. ‘కంటే’కి ఇంగ్లీష్‌లో ‘దేన్’ అని బడిలో నేర్పారు. కాబట్టి ‘ప్రిఫర్’ పక్కన కూడా అదే వచ్చి కూర్చుంటుంది. అతనికి ఆ ఇబ్బంది తక్కువ. ఫ్రెంచ్‌లో ‘జ ప్రెఫేర్ ల తే ఓ కఫే’ అంటారు కదా, అందులో ‘ఓ’ అంటే దాదాపు మన ‘కాఫీకి’లో ‘కి’ లాంటిది. అది నేరుగా ‘టు’ అయిపోతుంది. అతను దిద్దింది వ్యాకరణం బాగా వచ్చి కాకపోవచ్చు, వాళ్ళ భాష అక్కడ కలిసొచ్చింది.

కలిసిరాని చోట్లు ఉన్నాయి. అక్కడే నీకు పని. అతన్ని ఆలోచించకుండా గబగబా మాట్లాడమను. ‘ఐ ప్రిఫర్ ద టీ’ అంటాడు చూడు. ఫ్రెంచ్‌లో మామూలుగా టీ అనే పదార్థం గురించి చెప్పినా ముందు ‘ల’ ఉండాల్సిందే. ఇంగ్లీష్‌లో ‘ద టీ’ అంటే ఎదురుగా ఉన్న ఆ టీయే. ఇది నోటితో వివరిస్తే ఎక్కదు. రెండు కప్పులు బల్ల మీద పెట్టి ఒకదాన్ని చూపిస్తూ ‘ద టీ’ అను, తర్వాత చెయ్యి గాల్లో తిప్పి ‘టీ’ అను. మనకేమో తెలుగులో ఆ ‘ద’ లాంటిదే లేదు, కావాల్సిన చోట కూడా మింగేస్తాం. అతను ఎక్కువేస్తాడు, నువ్వు తక్కువేస్తావు. ఒకరినొకరు పట్టుకోండి.

ఇంకోటి ‘ప్లుతో’. ‘నువ్వు టీ మనిషివా, కాఫీ మనిషివా’ అని అడగడానికి ఇక్కడ అందరూ ‘తు ఎ ప్లుతో తే ఊ కఫే’ అంటారు. డిక్షనరీలో ‘ప్లుతో’ ఎదురుగా ‘రాదర్’ ఉంటుంది. దాంతో ‘ఐ యామ్ రాదర్ టీ’ అని వచ్చేస్తుంది. నాకు వినడానికి ముద్దుగానే ఉంటుంది కానీ పరీక్షలో మార్కు పోతుంది. ‘ఐ యామ్ మోర్ ఆఫ్ ఎ టీ పర్సన్’ అని చెప్పించు. ‘జెమ్ మియూ’ అన్నదాన్ని ‘ఐ లైక్ బెటర్’ అని వదిలేయడం కూడా ఇలాంటిదే. దేన్ని అన్నది మధ్యలో రావాలి.

‘రాదర్’ అసలు చోటు ‘ఐడ్ రాదర్’, అంటే ‘ఐ వుడ్ రాదర్’. ఆ ‘డ్’ ఫ్రెంచ్ చెవికి వినపడదు, నోటికి రాదు. పైగా ‘ఐడ్ రాదర్ టు గో’ అని మధ్యలో ‘టు’ దూరుస్తారు. ‘ఐడ్ ప్రిఫర్’ తర్వాత ‘టు గో’ ఉంటుంది, ‘ఐడ్ రాదర్’ తర్వాత ఒట్టి ‘గో’. దీనికి కారణం వెతక్కు, పదిసార్లు పలికించు, చాలు.

ఇక అసలు చిక్కుముడి ‘ఐడ్ రాదర్ యు కేమ్ టుమారో’. రేపు రమ్మని చెప్తూ ‘కేమ్’ ఏమిటి అని అతను తప్పకుండా అడుగుతాడు. నన్ను అడిగిన ప్రతి ఫ్రెంచ్ సహోద్యోగీ ఇక్కడే ఆగాడు. ‘అది సబ్‌జంక్టివ్ (కోరిక, ఊహ లాంటివి చెప్పే క్రియారూపం), రూల్ అంతే’ అని తప్పించుకునేదాన్ని. ఒకరోజు ఫోన్‌లో మా అమ్మ ‘రేపు నువ్వు వచ్చావనుకో, బొబ్బట్లు చేస్తా’ అంది. రేపటి సంగతికి ‘వచ్చావు’! జరగనిదాన్ని ఊహించడానికి మనం కూడా జరిగిపోయిన కాలమే వాడుతున్నాం. ఫ్రెంచ్ వాళ్ళూ అంతే, ‘సి తు వెనే దమాఁ’ అంటారు, నువ్వు రేపు వస్తే అని. ‘వెనే’ అన్నది గతంలో వాడే రూపమే. కాబట్టి అతనికి ‘జ ప్రెఫేర్ క తు వియెన్’ వైపు నుంచి చెప్పబోకు. అది సబ్‌జంక్టివ్, దారి తప్పిస్తుంది. ‘సి తు వెనే’ వైపు నుంచి రా. ‘నువ్వు వస్తే నాకు బాగుండు’ అన్నంత మెత్తదనం ఆ ‘కేమ్’లో ఉందని చెప్పు. నా అనుభవంలో రెండు నిమిషాల్లో ముఖం వెలుగుతుంది.

ఇక్కడే ‘యూడ్ బెటర్’ కూడా వస్తుంది, వదలకు. వినడానికి ‘ఐడ్ రాదర్’ చెల్లెలిలా ఉంటుంది కానీ ఇష్టానికీ దానికీ సంబంధం లేదు. మన ఇంగ్లీష్‌లో ‘బెటర్ యు టేక్ బస్’ అంటే మంచి సలహా. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా టీమ్‌లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన పెద్దాయనకి ‘యు బెటర్ సెండ్ ద ఫైల్ టుడే’ అని మెయిల్ పెట్టాను. ఆయన నా సీటు దగ్గరికి వచ్చి, ‘పంపకపోతే ఏమవుతుంది?’ అని నెమ్మదిగా అడిగాడు. నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. పంపించు, లేదంటే చూస్కో అన్నట్టు ఉందట ఆయనకి. ‘ఐడ్ ప్రిఫర్ ఇట్ ఇఫ్ యు సెంట్ ఇట్ టుడే’ అని ఉంటే సరిపోయేది. పొడుగ్గా ఉందని నీకనిపించొచ్చు. అడిగేటప్పుడు పొడుగే మర్యాద, ఇంగ్లీష్‌లోనూ ఫ్రెంచ్‌లోనూ.

అయితే ఆ మర్యాద అక్కరకు రాని చోటు కూడా ఒకటుంది. నువ్వు మాంసం తినవని రాశావు కదా. ‘ఐ ప్రిఫర్ నాట్ టు ఈట్ మీట్’ అని గానీ, ఫ్రెంచ్‌లో ‘జ ప్రెఫేర్’ అని గానీ అనకు. ‘ఇష్టపడను’ అంటే ‘ఉంటే సర్దుకుంటాను’ అని వాళ్ళకి వినపడుతుంది. నేను అలాగే అని, సలాడ్‌లో లార్దాఁ ముక్కలు తిన్నాను. అది పంది మాంసం. వడ్డించినావిడ తప్పేం లేదు, నేను అన్నది అలాగే ఉంది. ‘ఐ డోంట్ ఈట్ మీట్ ఆర్ ఫిష్’ అను. చేప పేరు కూడా చెప్పు, వెజిటేరియన్ అంటే చేప తింటారనుకునే వాళ్ళు ఇక్కడ ఇంకా ఉన్నారు. ఇష్టానికీ నియమానికీ తేడా చెప్పే ఈ ఉదాహరణని పాఠంలో పెట్టు, అతనికీ పనికొస్తుంది.

మనకున్న ఇంకో అలవాటు ‘ఏదైనా పర్లేదు’, ‘మీ ఇష్టం’. ‘యువర్ విష్’ అని ఇంగ్లీష్‌లోకి మార్చామంటే ఎదుటివాడు కోపమొచ్చిందేమో అనుకుంటాడు. ‘వాటెవర్’ అయితే ఇంకా ఘోరం. ఎవరైనా ఇంటికి పిలిచి ఏం తాగుతావని అడిగితే ఏదో ఒకటి ఎంచుకుని చెప్పు. వాళ్ళకి అదే సులువు. నిజంగా ఏదైనా సరే అయితే ‘ఐ డోంట్ మైండ్’ అను. అతను ‘సా మెతెగాల్’ని ‘ఇట్స్ ఈక్వల్ టు మీ’ అన్నాడంటే అదే మాట నేర్పు.

పరీక్ష సంగతి టూకీగా. ఇక్కడ ఇంజనీరింగ్ డిగ్రీ చేతికి రావాలంటే ఇంగ్లీష్‌లో బీ2 స్థాయి ఉండాలి, అంటే యూరప్ భాషా కొలతలో మధ్యస్థం కంటే కాస్త పైన. టోయిక్‌లో అది 990కి 785. ఐదో భాగంలో ఖాళీలు పూరించే ప్రశ్నలు 30 ఉంటాయి. ‘ప్రిఫర్ వాకింగ్ టు’ తర్వాత ‘డ్రైవ్’ పెట్టాలా ‘డ్రైవింగ్’ పెట్టాలా లాంటివి అక్కడ రావచ్చు. ‘నడవడం’ అన్నప్పుడు ‘నడపడం’ అనాలి కదా, అదే లెక్క, ‘డ్రైవింగ్’. స్పెల్లింగ్‌లో ‘ప్రిఫర్డ్’కి ‘ఎఫ్‌ఈ’ తర్వాత రెండు ఆర్‌లు, ‘ప్రిఫరెన్స్’కి అక్కడ ఒకటే. ఫ్రెంచ్‌లో కూడా ‘ప్రెఫెరాఁస్’కి ఆ చోట ఒకటే ఆర్, అక్కడ తప్పు చెయ్యడు.

పాఠానికి గదిలో కూర్చోకండి, బేకరీకి వెళ్ళండి. ‘ఐడ్ రాదర్ హావ్ ఎ షొకోలాతిన్ దేన్ ఎ క్రోసాఁ’ అని అతనితో చెప్పించు. షొకోలాతిన్ అంటే లోపల చాక్లెట్ పెట్టిన పఫ్ లాంటిది, క్రోసాఁ అంటే నెలవంక ఆకారపు వెన్న బన్ను. ఇక్కడ ‘దేన్’ ఒప్పే, ఎందుకంటే ఇది ‘రాదర్’ది, ‘ప్రిఫర్’ది కాదు. నీ పరువు కూడా నిలబడుతుంది. కాకపోతే ముందు అతనిది ఏ ఊరో కనుక్కో. మన టులూజ్ వైపు షొకోలాతిన్ అనేదాన్ని పారిస్‌లో పాన్ ఓ షొకోలా అంటారు. 2018లో ఈ పేరు గురించి ఫ్రెంచ్ పార్లమెంటులో సవరణ కూడా పెట్టారు, నెగ్గలేదు. అతను పారిస్ వాడైతే క్రోసాఁతో సరిపెట్టుకో, లేదంటే నీ గంట మొత్తం ఆ వాదనకే పోతుంది, అదీ ఫ్రెంచ్‌లో.