కారు తిరగకపోయినా ఆయిల్ మార్చాలా?

ప్రశ్న: మాది 2021లో కొన్న చిన్న పెట్రోలు కారు. మావారు రిటైరయ్యాక గుడికి, రైతుబజారుకి తప్ప బయటికి తీయడం లేదు. సర్వీసింగ్ అయి పద్నాలుగు నెలలైంది. తిరిగింది 2,800 కిలోమీటర్లే. పదివేలు నిండాక మార్పిద్దాం అంటారాయన. మా వీధి మెకానిక్ ఏమో ఎండలు ముదిరాయి, ఈసారి చిక్కటి ఆయిల్ పోద్దాం అంటున్నాడు. ఎవరి మాట వినాలి?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇద్దరి మాటా వద్దమ్మా, కారుతోపాటు ఇచ్చిన పుస్తకం మాట వినండి. అందులో మెయింటెనెన్స్ పట్టిక తీసి మీవారికి చూపించండి. పదివేల కిలోమీటర్లు అని రాసిన చోటే 'లేదా 12 నెలలు' అని కూడా ఉంటుంది. ఏది ముందొస్తే అదే లెక్క. ఆటోనగర్లో మా షెడ్డుకి వచ్చేవాళ్లలో చాలామంది మొదటి అంకె చదివి పుస్తకం మూసేసే రకమే.

నిజానికి వారం వారం హైదరాబాద్ వెళ్లొచ్చే కారు ఆయిల్ కంటే మీ కారు ఆయిలే తొందరగా పాడవుతుంది. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి. అందులో ఎక్కువ భాగం ఆవిరై సైలెన్సర్లోంచి పోతుంది. పొద్దున్నే సైలెన్సర్ కొసన చుక్కలు కారుతుంటాయే, అవి ఈ నీళ్లే. కాస్త ఆవిరి, కాస్త కాలని పెట్రోలు మాత్రం పిస్టన్ రింగులు దాటుకుని కింద ఆయిల్ చాంబర్లోకి దిగుతాయి. హైవే మీద అరగంట ఆపకుండా నడిపితే ఆయిల్ బాగా కాగి ఆ తేమ ఎగిరిపోతుంది. గుడికి రెండు కిలోమీటర్లు వెళ్లి ఆపేస్తే ఎక్కడికి పోతుంది? డాష్‌బోర్డులో టెంపరేచర్ మామూలుకొచ్చినట్టు కనిపించినా అది కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) వేడి. ఆయిల్ కాగడానికి ఇంకా టైం పడుతుంది. ఆలోపే మీరు తాళం తీసేస్తున్నారు.

ఒకసారి ఆయిల్ పోసే మూత తిప్పి లోపలివైపు చూడండి. మీగడ రంగులో పలచటి పూత ఉంటే అది ఈ తేమ వల్లే, కంగారు పడక్కర్లేదు. కానీ ఆయిల్ మట్టం చూసే గేజి పుల్ల మీద ఆయిలంతా పాలు కలిసిన టీలా కనబడి, కూలెంట్ డబ్బాలో మట్టం కూడా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయిందేమో అని అనుమానించాలి. అప్పుడు బండి స్టార్ట్ చేయకండి, మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.

ఇక చిక్కటి ఆయిల్ సంగతి. ఈ తరం చిన్న పెట్రోలు కార్లకు ఎక్కువగా 0డబ్ల్యూ-20, కొన్నిటికి 5డబ్ల్యూ-30 గ్రేడు పోయమని ఉంటుంది. ఈ అంకెలు ఆయిల్ చిక్కదనాన్ని చెబుతాయి. మీ మెకానిక్ చెప్పేది బహుశా 20డబ్ల్యూ-50 అయి ఉంటుంది. పాత అంబాసిడర్ల కాలంలో అది నడిచింది. రెండో అంకెను లెక్కగట్టేది ఆయిల్ వేడి వంద డిగ్రీలు ఉన్నప్పుడు. బయట 35 ఉన్నా 45 ఉన్నా కూలెంట్‌ని తొంభై డిగ్రీల దగ్గర్లో ఉంచే పని థర్మోస్టాట్, ఫ్యాను చూసుకుంటాయి. కాబట్టి తెనాలి ఎండకు భయపడి గ్రేడు మార్చక్కర్లేదు. పైగా కొత్త ఇంజన్లలో ఆయిల్ దారులు సన్నం. చిక్కటిది పోస్తే పొద్దున స్టార్ట్ చేసినప్పుడు పైన వాల్వుల దాకా చేరడం ఆలస్యమవుతుంది, మైలేజీ కూడా కొంత తగ్గుతుంది. ఈ వారమే మార్పించేయండి, పుస్తకంలో ఉన్న గ్రేడే పోయించండి. ఫిల్టరు కూడా కొత్తది వేయమనండి.

ప్రశ్న: నాది 2022 మోడల్ డీజిల్ ఎస్‌యూవీ. ఆయిల్ మార్పించిన నాలుగో రోజే గేజి తీసి చూస్తే నల్లగా ఉంది. పాత ఆయిలే ఉంచేసి బిల్లు వేశారంటారా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: నలుపు చూసి దొంగతనం అంటగట్టలేం తమ్ముడూ. డీజిల్ మండితే మసి వస్తుంది. ఆ మసి ఇంజన్‌కి అంటుకోకుండా తనలో కలుపుకోవడమే ఆయిల్ పని. ఎంత దించినా మూలమూలల్లో కొంచెం పాతది మిగులుతుంది కూడా. డీజిల్ బండిలో రంగు సాక్ష్యం చెల్లదు. అనుమానం ఉంటే ఈసారి పక్కన నిలబడండి. డబ్బా సీలు మీ ముందే తీయమనండి, పాత ఫిల్టరు చూపించమనండి. ఖాళీ డబ్బాకు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చిల్లు పెట్టి రండి. బ్రాండెడ్ డబ్బాల్లో నాసిరకం నింపి అమ్మే వ్యాపారం ఖాళీ డబ్బాల మీదే నడుస్తుంది.

మీరు చూడాల్సింది మట్టం. మీది బీఎస్-6 బండి, సైలెన్సర్ దారిలో మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. అది పట్టిన మసిని అప్పుడప్పుడూ కాల్చుకోవడానికి అదనంగా డీజిల్ వాడుకుంటుంది. ఊళ్లోనే తిప్పుతూ ఆ పని సగంలో ఆపేస్తూ ఉంటే ఆ డీజిల్ చాంబర్లోకి దిగి, ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. గేజి మీద పై గీత దాటి, వాసన చూస్తే డీజిల్ కొడుతుంటే ఇక కిలోమీటర్లు లెక్కపెట్టకండి, మార్పించేయండి. డీపీఎఫ్ బండికి బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే పోయాలి, ఏది పోయాలో పుస్తకంలో ఉంటుంది.

ప్రశ్న: అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నా పెట్రోలు కారుకి నేనే ఆయిల్ మార్చుకోవచ్చా?
- ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: వారంటీ అయిపోయిన కారైతే నిక్షేపంగా మార్చుకోవచ్చు. ఒక్క జాకీని నమ్ముకుని మాత్రం కారు కింద దూరకండి, స్టాండ్లు పెట్టండి. ఇంజన్ కాస్త వెచ్చబడ్డాక ఆపి, డ్రెయిన్ బోల్టు విప్పి, కారును మళ్లీ సమంగా ఉండేలా చూసుకుని ఆయిల్ చుక్కచుక్కగా పడేదాకా ఆగండి. బోల్టు కింది వాషరు ప్రతిసారీ కొత్తదే వేయాలి. బలముంది కదా అని బిగించేస్తే అల్యూమినియం చాంబర్లో మరలు పోతాయి, అప్పుడు ఖర్చు వేరే లెవెల్లో ఉంటుంది. పాత ఫిల్టరు రబ్బరు రింగు ఒక్కోసారి ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోతుంది. చూసుకోకుండా దాని మీదే కొత్త ఫిల్టరు బిగిస్తే స్టార్ట్ చేయగానే ఆయిలంతా నేల మీద ఉంటుంది. కొత్త రింగుకి కాస్త ఆయిల్ రాసి, ఆనిన తర్వాత చేత్తోనే ముప్పావు చుట్టు తిప్పండి, చాలు.

పుస్తకంలో చెప్పినదాని కన్నా అర లీటరు తక్కువ పోసి స్టార్ట్ చేయండి. డాష్‌బోర్డులో ఆయిల్ గుర్తు ఎర్ర లైటు ఆరాక ఇంజన్ ఆపి, ఐదు నిమిషాలాగి గేజి చూస్తూ కొంచెం కొంచెం పోయండి. పై గీత దాటనివ్వకండి, ఎక్కువైతే క్రాంకు చిలికి నురుగు చేస్తుంది. దించిన ఆయిల్ డ్రైనేజీలో పోయకూడదు, అది ప్రమాదకర వ్యర్థాల కింద లెక్క. కొత్త ఆయిల్ వచ్చిన ఖాళీ డబ్బాలోకే వంపి దగ్గర్లోని గ్యారేజీలో అడగండి. పాత ఆయిల్‌ని పీపాల్లో పట్టి లైసెన్సున్న రీసైక్లర్లకు ఇచ్చే షెడ్లవాళ్లు మీ డబ్బా కూడా తీసుకుంటారు.