గోల్ఫ్ గ్రీన్ మీద పొడిమచ్చలు: డబ్బా కొనేముందు కోర్ తీసి చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

రోజూ నీళ్లు పెడుతున్నా గోల్ఫ్ గ్రీన్ (గుంత చుట్టూ పొట్టిగా కత్తిరించిన పచ్చిక) మీద అక్కడక్కడా గడ్డి నీలిబూడిద రంగుకి తిరుగుతోందనీ, ఏ వెటింగ్ ఏజెంట్ (నీరు మట్టిలోకి ఇంకేలా చేసే మందు) కొనాలనీ అడిగావు. కొనడం తర్వాత. ముందు మచ్చలోంచి ఒకటి, పక్కన పచ్చగా ఉన్నచోటి నుంచి ఒకటి, 10 సెంటీమీటర్ల లోతు కోర్లు (గొట్టంతో తీసే మట్టి కడ్డీలు) తియ్యి. పూర్తిగా ఆరనివ్వు. తడి కోర్ మీద పరీక్ష చేస్తే ఏమీ తేలదు. ఆరాక పడుకోబెట్టి, థాచ్ (గడ్డి మొదట్లో పేరుకున్న ఎండు పొర) దగ్గర మొదలుపెట్టి సెంటీమీటరుకొక నీటి చుక్క వెయ్యి. 5 సెకన్లలోపు ఇంకితే మట్టిలో లోపం లేదు. స్ప్రింక్లర్ నాజిళ్లు చూసుకో, మందు దండగ. తామరాకు మీద బొట్టులా నిలబడితే మాత్రం, కుళ్లిన సేంద్రియ పదార్థం ఇసుక రేణువులకి మైనంలా పూత పట్టిందన్నమాట. ఇది ఎక్కువగా పై 5 సెంటీమీటర్లలోనే ఉంటుంది. ఎంత లోతు వరకు చుక్క నిలిచిందో రాసిపెట్టుకో.

కొనేటప్పుడు నాన్‌-అయానిక్ (విద్యుదావేశం లేని) రకమే తీసుకో. గిన్నెలు తోమే సబ్బునీళ్లతో పని కానిద్దామని ఎవరైనా అంటే వినకు, గడ్డి మాడుతుంది. నీటిని లోపలికి దింపేది, పట్టి ఉంచేది అని డబ్బాల మీద రాస్తారు. ఆ రాతల్ని నేనంతగా నమ్మను.

నెలకోసారి కొట్టే రకాల్లో చాలావాటికి మోతాదు 100 చదరపు మీటర్లకి సుమారు 200 మిల్లీలీటర్లు, 8 లీటర్ల నీళ్లలో. అంటే 500 చదరపు మీటర్ల గ్రీన్‌కి ఒక లీటరు మందు, 40 లీటర్ల నీళ్లు. లేబుల్ మీద వేరే అంకె ఉంటే లేబుల్‌దే మాట.

అసలు తప్పు జరిగేది కొట్టాకే. మందు ఆకు మీద ఆరిపోతే ఆకు మాడుతుంది, మట్టికేమో చేరదు. అందుకే ఎండ వేళ వద్దు. తెల్లవారుజామున కొట్టి, ఆకు తడిగా ఉండగానే 5 మిల్లీమీటర్ల నీళ్లు పెట్టు. ఆ గ్రీన్‌కి అది 2,500 లీటర్లు. గడ్డి మీద నాలుగైదు ఖాళీ డబ్బాలు పెట్టి, వాటిలో పడిన నీళ్ల లోతు కొలుచుకో, టైమర్‌ని నమ్ముకోకు. మచ్చల మీద నీళ్లు జారిపోతాయి కాబట్టి ముందుగా సన్న మేకులతో పొడిచి, నీళ్లు రెండు మూడు విడతలుగా ఇవ్వు.

మచ్చ కనబడ్డాక మొదలుపెడితే ఒక్క విడతతో తేరుకోదు. వచ్చే ఏడాది ఎండలు ముదరకముందే మొదలుపెట్టు. వానలు పట్టాక ఆపెయ్యి, లేకపోతే మురుగు సరిగా దిగని గ్రీన్ మెత్తబడి కాళ్లు దిగబడతాయి. చచ్చిన గడ్డిని ఏ మందూ లేపదు, అక్కడ కొత్తగా నాటాల్సిందే. మచ్చ వలయంలా ఉంటే బూజు పని కావచ్చు, దానికి శిలీంధ్రనాశిని కూడా కావాలి.

మందు పనిచేసిందో లేదో పోల్చి చూసుకోడానికి, ఒక మూల మీటరు ప్లైవుడ్ చెక్క పరిచి దాని చుట్టూ కొట్టు, కొట్టాక తీసెయ్యి. ప్రతి విడతకీ అదే చోటు. రెండు నెలల తర్వాత చెక్క పరిచిన చోటినుంచీ పక్కనుంచీ కోర్లు తీసి, మళ్లీ చుక్కలు వేసి నాకు రాయి.