చిత్తూరులో ఉంటూ సెకండ్ హ్యాండ్ స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్ కొనచ్చా? టర్బో పోతే ఎంతవుతుంది?

బెంగళూరులో 2018 మోడల్ వీఆర్‌ఎస్, 64 వేల కిలోమీటర్లు తిరిగింది, 17 లక్షలు చెప్తున్నారు, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) పోతుందేమోనని టెన్షన్. మీ ప్రశ్న ఇదే కదా? ముందే చెప్పేస్తా, ఆ కారు నా దగ్గర లేదు. నాది వేరే కంపెనీది, అదీ రెండు లీటర్ల టర్బో పెట్రోలే. చెన్నైలో సెకండ్ హ్యాండ్‌లో కొని తిరుపతిలో నాలుగేళ్లుగా తోలుతున్నా. కంపెనీ పేరు ఎందుకులెండి, దాని అభిమానులు వచ్చి నాతో కొట్లాటకు దిగుతారు.

కొనేటప్పుడు నాకూ టర్బో భయమే ఉండేది. తీరా చూస్తే ఈ నాలుగేళ్లలో నా జేబు ఖాళీ చేసినవాటిలో టర్బో ఒక్కటే లేదు. రిపేర్ల డబ్బంతా దాని చుట్టూ ఉండే ప్లాస్టిక్ పైపులు, రబ్బరు, సీళ్లు, ప్లగ్గులకు కరెంటిచ్చే కాయిల్స్ తినేశాయి.

కొన్న మూడో నెలలో అత్తామామలతో తిరుమల బయల్దేరాం. అలిపిరి దాటి ఘాట్ ఎక్కాక ఒక మలుపు దగ్గర కాస్త గట్టిగా తొక్కాను. బానెట్ కింద ఠప్పుమని శబ్దం, ఆ వెంటనే పికప్ మొత్తం పోయింది, బోర్డు మీద ఇంజిన్ లైటు వెలిగింది. అది పైకి వెళ్లే దారి, వెనక్కి తిప్పుకునే వీలు లేదు. ఏసీ ఆపేసి, ఆర్టీసీ బస్సులు హారన్ కొట్టి మమ్మల్ని దాటిపోతుంటే ఎడమ పక్కన పాకుతూ ఎక్కాం. 28 నిమిషాల కంటే ముందు కొండపైకి చేరితే జరిమానా అని రూల్. మాకు గంట దాటింది. "స్పోర్ట్స్ కారన్నావు కదయ్యా" అని మామయ్య ఒక్క మాటే అన్నారు.

కిందికి దిగాక ఊళ్లోనే ఒక షెడ్‌లో చూపించా. స్కానర్ పెట్టి, ఐదు నిమిషాల్లో తేల్చేశాడు: "టర్బో అయిపోయింది సార్. కొత్తది వేస్తే లేబర్‌తో కలిపి 2 లక్షల 10 వేలు." స్కానర్‌లో చూపించిన కోడ్ పీ0299. ఇది గుర్తు పెట్టుకోండి, మీకూ ఏదో ఒక రోజు కనిపించవచ్చు. కంప్యూటర్ అడిగినంత గాలి ఒత్తిడి రాలేదని మాత్రమే ఆ కోడ్ చెప్తుంది. ఎందుకు రాలేదో చెప్పదు. పైపు పగిలినా, క్లిప్పు ఊడినా, ఎక్కువైన గాలిని వదిలే డైవర్టర్ వాల్వ్ చిరిగినా, టర్బో వేగాన్ని అదుపు చేసే వేస్ట్‌గేట్ పట్టేసినా అదే కోడ్ రావచ్చు. టర్బో నిజంగా పోయినా అదే.

నాకు అనుమానం వచ్చి ఫ్లాట్‌బెడ్ మీద బండిని చెన్నై పంపా. 8 వేలు. అక్కడి మెకానిక్ ఇంజిన్‌కు గాలి వెళ్లే పైపుల్లోకి మిషన్‌తో పొగ ఊదాడు. పది నిమిషాల్లో, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ నుంచి ఇంజిన్‌కు పోయే ప్లాస్టిక్ పైపు పగులులోంచి పొగ బయటికొచ్చింది. పైపు, లేబర్ కలిపి 11,500. ఆ మొదటి షెడ్ వాడు మోసం చేశాడని అనను. ఆ పొగ మిషన్ అతని దగ్గర లేదు, ఇలాంటి బండ్లు నెలకు ఒకటి కూడా వచ్చి ఉండవు.

టర్బో నిజంగా పోతే గుర్తులు వేరేగా ఉంటాయి. సిగ్నల్ దగ్గర కాసేపు నిలబడి మళ్లీ తొక్కినప్పుడు సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంది, ఇంజిన్ ఆయిల్ తగ్గిపోతూ ఉంటుంది, లోపలి నుంచి పోలీసు సైరన్ లాంటి కూత వినిపిస్తుంది. పైపు విప్పి చేత్తో పట్టుకుని చూస్తే టర్బో మధ్యలో తిరిగే షాఫ్ట్ ముందుకీ వెనక్కీ కదులుతుంది. పక్కలకు వెంట్రుకవాసి కదిలితే కంగారు పడక్కర్లేదు. పైపులో ఆయిల్ తడి పల్చగా ఉండటం మామూలే, మడుగు కట్టి ఉంటేనే ఆలోచించాలి.

ఆ షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. దాన్ని కాపాడేది పల్చటి ఆయిల్ పొర ఒక్కటే. అందుకే కంపెనీ 15 వేల కిలోమీటర్లకు ఆయిల్ మార్చమన్నా నేను 8 వేలకే మారుస్తా, మా ఎండలకు, ఘాట్‌లకు అదే నయం. డీజిల్ బండ్లకు వాడే చిక్కటి ఆయిల్ "ఇంకా మంచిది సార్" అని పోయబోతారు, పోయనివ్వకండి. కొండ ఎక్కగానే ఇంజిన్ ఆపేయకుండా ఒక నిమిషం ఆన్‌లో ఉంచండి.

ఇక లెక్క. మొదటి ఏడాదిన్నరలో నాకు అయినవి: కొనగానే ఫుల్ సర్వీస్ 26 వేలు, పైపు, ఫ్లాట్‌బెడ్ కలిపి 19,500, నాలుగు కాయిల్స్, ప్లగ్గులు 31 వేలు, వాటర్ పంపు, థర్మోస్టాట్ 54 వేలు, ముందు డిస్కులు, ప్యాడ్లు 34 వేలు, నాలుగు టైర్లు 76 వేలు. మొత్తం 2.4 లక్షలు దాటింది. టైర్ల బిల్లు చూసి మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత మాత్రం పెద్దగా ఏమీ రాలేదు, ఏడాదికి 40, 45 వేల లోపే.

మీరు చూస్తున్న వీఆర్‌ఎస్‌కు వద్దాం. 2017లో మన దేశానికి వచ్చిన ఆ వెర్షన్‌లో 230 హార్స్ పవర్, ఆరు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) ఉంటాయి. అది ఆయిల్‌లో మునిగి పనిచేసే క్లచ్ గేర్‌బాక్స్. చిన్న ఇంజిన్లతో వచ్చిన ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ గురించి మీరు విన్న భయాలన్నీ దీనికి అంటగట్టకండి. కాకపోతే దీని గేర్ ఆయిల్, ఫిల్టర్ 60 వేల కిలోమీటర్లకు మార్చాలి. మీ బండి 64 వేలు తిరిగింది. మార్చిన బిల్లు అడగండి. బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకుని బేరం ఆడండి.

ఈ తరం ఇంజిన్‌లో అందరికీ తెలిసిన ఇంకో బలహీనత, వాటర్ పంపు, థర్మోస్టాట్ కలిసి ఉండే ప్లాస్టిక్ హౌసింగ్. అది పగిలి కూలెంట్ కారుతుంది. ఇన్‌టేక్ పైపుల కింద మూలగా ఉంటుంది కాబట్టి కారినా పైకి కనపడదు. టార్చ్ వేసి చూస్తే ఎండిపోయిన గులాబీ రంగు మరక కనిపిస్తుంది. రిజర్వాయర్‌లో కూలెంట్ నిండుగా ఉందని మోసపోకండి, చూపించే ముందు పోసి ఉండవచ్చు.

ఓనర్ రీమ్యాప్ (పవర్ పెంచేలా ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రాం మార్చడం) చేయించాడేమో సూటిగా అడగండి. 230ని 300 చేసి కుర్రాళ్లు తోలిన బండి అయితే, ఎంత తక్కువకిచ్చినా నేనైతే ముట్టుకోను. ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పకుండా చేయించి ఉంటే రేపు క్లెయిమ్ దగ్గర చిక్కు.

17 లక్షలతో అయిపోదు. కర్ణాటక నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చి ఇక్కడ మళ్లీ లైఫ్ టాక్స్ కట్టాలి. అక్కడ కట్టిన టాక్స్‌లో మిగిలిన భాగానికి రిఫండ్ అడగవచ్చు, కానీ దానికి తిరగాలి. ఇవన్నీ పోను ఇంకో 2.5 లక్షలు రిపేర్లకు పక్కన పెట్టుకోగలిగితేనే దిగండి. అప్పు చేసి కొనే బండి కాదిది. చిత్తూరు నుంచి మీకు బెంగళూరైనా చెన్నై అయినా మూడు, నాలుగు గంటలే కాబట్టి, కొనక ముందే ఈ బండ్లు రోజూ విప్పే మెకానిక్ ఒకరిని అక్కడ చూసి పెట్టుకోండి. టోయింగ్ ఉన్న రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కూడా తీసుకోండి, ఏడాదికి కొద్ది వేలే.

శనివారం చూడటానికి వెళ్తున్నా అన్నారు. మూడు వేలు పోయినా ఆ మెకానిక్‌నే వెంట తీసుకెళ్లండి. మీరు వచ్చేవరకు బండి స్టార్ట్ చేయొద్దని ఓనర్‌కు శుక్రవారం రాత్రే ఫోన్ చేసి చెప్పండి. చల్లగా ఉన్నప్పుడు వేసే మొదటి స్టార్ట్‌లోనే ఇంజిన్ లోపలి టైమింగ్ చైన్ గలగల, నీలం పొగ బయటపడతాయి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే, బండి పూర్తిగా చల్లారాక మళ్లీ వస్తామని చెప్పండి.