చైన్ ఒక్కటే మారిస్తే చాలదా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. పాత స్ప్లెండర్ ఉంది. పొలానికీ, రైస్ మిల్లుకీ, పాలకేంద్రానికీ అదే బండి. కొన్నాళ్లుగా చైన్ కవర్ లోపల టకటకమని కొట్టుకుంటోంది. బిగించిన నాలుగు రోజులకే మళ్లీ లూజవుతోంది. సెట్ మొత్తం మార్చాలని ఒకరు, చైన్ ఒక్కటి వేస్తే చాలని ఇంకొకరు అంటున్నారు. పానాలు ఉన్నాయి, వెనక చక్రం విప్పి బిగించడం వచ్చు. నేనే ఇంటి దగ్గర మార్చుకోవచ్చా?
- ఓ రైతు, నల్గొండ జిల్లా

జవాబు: వెనక చక్రం విప్పి బిగించడం వచ్చిన మనిషికి ఈ పని తప్పకుండా వస్తుంది. మొదటిసారి కాబట్టి ఓ పూట చేతిలో పెట్టుకోండి. వెలుతురు ఉండగానే మొదలుపెట్టండి.

ముందు మార్చాల్సిన అవసరం ఉందో లేదో కొలిచి చూడండి. చైన్ కవర్ విప్పి, చైన్‌ని బిగువుగా లాగిపట్టి 21 పిన్నులు లెక్కపెట్టండి. మొదటి పిన్ను మధ్య నుంచి ఆఖరి పిన్ను మధ్య దాకా టేపు పెట్టండి. మీ బండికి వచ్చేది 428 చైన్. అందులో పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం అరంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. కొత్తదైతే ఆ కొలత 254 మిల్లీమీటర్లు రావాలి. 259 దాటిందంటే ఆ చైన్ పని అయిపోయినట్టే, ఇక ఎంత బిగించినా నిలవదు. ఇనుప పట్టీలు సాగడం వల్ల వచ్చే తేడా కాదిది. ప్రతి లింకులోనూ ఒక పిన్ను, దాని చుట్టూ ఒక బుష్షు, దాని మీద తిరిగే రోలర్ ఉంటాయి. 1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ తయారుచేసిన ఏర్పాటు అది, నేటికీ అదే నడుస్తోంది. పిన్నూ బుష్షూ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఒక్కో కీలు దగ్గర 0.1 మిల్లీమీటరు అరిగినా, వందకు పైగా కీళ్లున్న చైన్ మొత్తం మీద అది సెంటీమీటరు దాటుతుంది. మిల్లు దగ్గరి ఊక దుమ్ము, పొలం బురద చైన్ మీది నూనెతో కలిస్తే ఆ ముద్ద లోపల సాన పట్టినట్టే పనిచేస్తుంది. మీ చైన్ తొందరగా పోవడానికి సగం కారణం అదే అయి ఉంటుంది.

ఇక మీరు అడిగిన అసలు సంగతి. సెట్ మొత్తం, అంటే చైన్‌తో పాటు అది తిరిగే ముందు, వెనక పళ్ల చక్రాలు (స్ప్రాకెట్లు) రెండూ మార్చండి. దీంట్లో నాకు రెండో మాట లేదు. అరిగిన స్ప్రాకెట్ ఒకటి నా షెడ్డులో గోడ మేకుకి వేలాడుతూ ఉంటుంది. చైన్ ఒక్కటే వెయ్యమని అడిగినవాళ్ల చేతికి దాన్నే ఇస్తాను. వేలితో తడిమితే పళ్లన్నీ ఒక పక్కకి వంగి, కొసలు కొక్కెంలా తేలి ఉంటాయి. పన్నుకీ పన్నుకీ మధ్య ఉండాల్సిన గుండ్రటి గుంట ఒక వైపు జారిపోయి ఉంటుంది. పాత చైన్ పొడవు పెరిగేకొద్దీ పళ్లు దానికి తగ్గట్టే అరిగాయి. దాని మీద సరైన కొలత ఉన్న కొత్త చైన్ వేస్తే రోలర్లు గుంటల్లో కుదురుగా కూర్చోవు. లాగుడు భారమంతా ఒకటి రెండు పళ్ల మీదే పడుతుంది. కొత్త చైన్ కూడా చూస్తుండగానే పాతదైపోతుంది. కోయంబత్తూరు రోలాన్, చెన్నై డైమండ్ లాంటి పేరున్న సెట్లు మన ఊళ్ల స్పేర్ పార్ట్స్ షాపుల్లో దొరుకుతాయి. బండి మోడల్ చెప్పి కొనండి. ఇంటికి తెచ్చాక పాత చైన్ లింకులు, రెండు స్ప్రాకెట్ల పళ్లు లెక్కపెట్టి కొత్తవాటితో సరిచూసుకున్నాకే విప్పడం మొదలుపెట్టండి.

బండిని డబుల్ స్టాండ్ మీద నిలిపి, న్యూట్రల్ చేసి, తాళం చెవి తీసి జేబులో వేసుకోండి. గేర్ లీవర్ విప్పే ముందు షాఫ్ట్ మీద అది ఏ పన్ను దగ్గర ఉందో సుద్దతో గీత పెట్టండి. లీవర్, దాని వెనకున్న ఇంజిన్ కవర్ తీస్తే ముందు స్ప్రాకెట్ కనిపిస్తుంది. దాన్ని పట్టి ఉంచేది ఒక చిన్న ప్లేటు, రెండు 10 నంబర్ బోల్టులు. బోల్టులు తీసి ప్లేటుని కాస్త తిప్పితే గాడిలోంచి బయటికొస్తుంది. అక్కడ పేరుకున్న నల్లటి మడ్డినంతా కిరసనాయిలు గుడ్డతో తుడిచేయండి. పాత చైన్ కొసలు రెండిటినీ కలిపే లాక్ విప్పి చైన్ లాగేయండి.

వెనక స్ప్రాకెట్ దగ్గర కొంచెం ఓపిక కావాలి. మీ బండికి యాక్సిల్ నట్టుతో పాటు చైన్ వైపు స్లీవ్ నట్టని ఇంకో పెద్దది ఉంటుంది. స్ప్రాకెట్ బోల్టుల కింద రేకు వాషర్ల చెవులు మడిచి ఉంటాయి. వాటిని ఉలితో నెమ్మదిగా విప్పి, బిగించాక మళ్లీ మడవండి. ఈ ఒక్క చోట నట్లు మొరాయిస్తే సుత్తి దెబ్బలు వద్దు. ఆ భాగాన్ని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి విప్పించుకుని రండి. చక్రం ఎలాగూ ఊడింది కాబట్టి హబ్‌లోని (చక్రం మధ్య భాగంలోని) రబ్బర్లు కూడా చూడండి. అవి నలిగిపోయి ఉంటే కొత్త సెట్ వేసినా గేరు మార్చినప్పుడల్లా బండి కుదుపుతుంది, మీరేమో తప్పు చైన్ మీద వేస్తారు.

కొత్త స్ప్రాకెట్లు రెండూ ఎక్కించాక, అడ్జస్టర్లు (చక్రాన్ని ముందుకీ వెనక్కీ జరిపే బోల్టులు) వదులు చేసి చక్రాన్ని వీలైనంత ముందుకు నెట్టండి. చైన్ చుట్టి, రెండు కొసలనీ వెనక స్ప్రాకెట్ పళ్ల మీదే కలపండి. పళ్లే చైన్‌ని పట్టి ఉంచుతాయి కాబట్టి చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. లాక్ లింకుని లోపలి వైపు నుంచి దూర్చి, బయట పట్టీ పెట్టి, దాని మీద క్లిప్ వెయ్యాలి.

ఈ క్లిప్ దగ్గర మాత్రం తొందరపడొద్దని వేడుకుంటున్నాను. క్లిప్‌కి ఒక వైపు గుండ్రంగా మూసి ఉంటుంది, ఇంకో వైపు రెండు కాళ్లుగా తెరిచి ఉంటుంది. బండి ముందుకు నడిచేటప్పుడు చైన్ ఎటు కదులుతుందో మూసిన వైపు అటే ఉండాలి. చైన్ పై వరసలో ఉన్నప్పుడు గుండ్రటి తల ఇంజిన్ వైపు, కింది వరసలో ఉన్నప్పుడు వెనక చక్రం వైపు చూస్తుంది. తిరగేసి వేస్తే ఏ రాయో కవర్ అంచో తగిలినప్పుడు తెరిచిన కాళ్లు ముందుగా దెబ్బ తిని క్లిప్ జారిపోతుంది. నడుస్తున్న బండికి చైన్ ఊడి చక్రంలో ఇరుక్కుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. స్క్రూడ్రైవర్‌తో కాళ్లు విడదీయకుండా, ముక్కు ప్లయర్‌తో నొక్కి టిక్కుమని కూర్చోబెట్టండి. పిన్నుల గాడిలో దిగిందో లేదో గోటితో తాకి చూడండి. పాత క్లిప్ మళ్లీ వాడొద్దు.

తర్వాత అడ్జస్టర్ నట్లు రెండు వైపులా ఒకే గీత దగ్గరికి తెచ్చి, లూజు చూసుకుని (ఎంత ఉండాలో తర్వాతి జవాబులో ఉంది), స్లీవ్ నట్టు, యాక్సిల్ నట్టు గట్టిగా బిగించండి. చక్రం జరిగింది కాబట్టి వెనక బ్రేక్ రాడ్ మళ్లీ సర్దాలి, బ్రేక్ లైటు వెలుగుతోందో లేదో చూడాలి. చాలామంది మరిచిపోయేది ఇదే. కవర్లన్నీ బిగించాక చైన్ కవర్ రబ్బరు బిరడా కూడా దాని చోట పెట్టండి. అది లేకపోతే మీ ఊక దుమ్ముకి తలుపు తీసినట్టే. కొత్త చైన్ మొదట్లో కాస్త సర్దుకుంటుంది. 300 నుంచి 500 కిలోమీటర్ల లోపు లూజు ఇంకోసారి చూడండి.

ప్రశ్న: చైన్ శబ్దం రాకూడదని మా అబ్బాయి బిగుతుగా బిగించాడు. చేత్తో నొక్కితే అసలు కదలడం లేదు. ఇలా ఉండొచ్చా?
- ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: ఉండకూడదు. ఇవాళే వదులు చేయించండి. శబ్దం చేసే చైన్ కన్నా మీది ఎక్కువ నష్టం చేస్తుంది. గుంటలో పడ్డప్పుడు, వెనక మనిషి కూర్చున్నప్పుడు స్వింగ్ ఆర్మ్, అంటే వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం, పైకి లేస్తుంది. అలా లేస్తూ ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ ఇరుసు, చక్రం ఇరుసు ఒకే గీతలోకి వచ్చినప్పుడు రెండు స్ప్రాకెట్ల మధ్య దూరం బాగా పెరుగుతుంది. అప్పుడు చైన్‌కి కొంచెమైనా వదులు మిగలాలి. లేకపోతే ఆ లాగుడంతా గేర్‌బాక్స్ షాఫ్ట్ బేరింగ్ మీద, హబ్ బేరింగ్ మీద పడుతుంది. చైన్ సెట్ ఖర్చు ఎక్కడ, ఇంజిన్ విప్పే ఖర్చు ఎక్కడ!

100, 125 సీసీ బళ్లకి చాలావాటికి కింది వరస మధ్యలో వేలితో పైకీ కిందకీ ఆడిస్తే మొత్తం 20 నుంచి 30 మిల్లీమీటర్లు కదలాలి. మీ బండి కొలత మాన్యువల్‌లో ఉంటుంది. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, అన్నిటికన్నా బిగుతుగా ఉన్న చోట ఈ కొలత పెట్టించండి. ఒక చోట బాగా బిగుతు, ఇంకో చోట బాగా వదులు వస్తుంటే ఆ చైన్ అరిగిపోయిందనుకోండి.

ప్రశ్న: మావారు బైక్ అందంగా ఉంటుందని చైన్ కవర్, శారీ గార్డ్ రెండూ తీయించారు. నేను వెనక కూర్చుని రోజూ ఆఫీసుకి వెళ్తాను. చున్నీతో భయంగా ఉంది. భయపడాల్సిందేనా?
- ఓ పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: భయపడాల్సిందేనమ్మా. ఆ రెండూ తిరిగి బిగించేదాకా ఆ బండి ఎక్కొద్దు. వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చక్రంలో చుట్టుకోకుండా చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ, పట్టుకోవడానికి పిడి, కాళ్లకి ఫుట్‌రెస్ట్ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చెబుతోంది. కంపెనీ శారీ గార్డ్ ఇచ్చేది అందుకే. చైన్, స్ప్రాకెట్ కలిసే చోట చున్నీ కొస చిక్కితే విడిపించుకునే వ్యవధి ఉండదు, మెడ దాకా లాగేస్తుంది. ఈ జవాబు మీవారికి చూపించండి. అందం కోసం తీసేయాల్సినవి ఆ బండి మీద ఇంకేమైనా ఉంటే అవి తీసుకోమనండి. గార్డ్ బిగించాక కూడా చున్నీ కొసలు ముందుకు తెచ్చి ముడి వేసుకుని కూర్చోండి.

ప్రశ్న: నాది 200 సీసీ బైక్, ఓ-రింగ్ చైన్. పెట్రోల్, వైర్ బ్రష్‌తో కడగొచ్చా? చైన్ మార్చాల్సి వస్తే నేనే మార్చుకోవచ్చా?
- ఓ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: పెట్రోల్, వైర్ బ్రష్ రెండూ వద్దు. లింకుల మధ్య ఉన్న చిన్న రబ్బరు రింగులు లోపలి గ్రీజుని కాపాడతాయి. పెట్రోల్ ఆ రబ్బరుని పాడుచేస్తుంది, వైర్ బ్రష్ చీల్చేస్తుంది. ఓ-రింగ్ చైన్‌కి పనికొస్తుందని డబ్బా మీద రాసిన క్లీనర్, మెత్తటి బ్రష్ వాడండి. ఇక మార్చడం సంగతి. లాక్ క్లిప్ కాకుండా, పిన్ను కొసలు నలిపి బిగించిన రివెట్ లింకు ఉంటే చైన్ కట్టర్, రివెట్ టూల్ లేకుండా ఇంట్లో ముట్టుకోవద్దు. సుత్తితో కొట్టిన రివెట్‌ని నమ్మి హైవే ఎక్కకూడదు.

ఇంకో మాట, అడక్కపోయినా చెప్పాలి. ఇంజిన్ స్టార్ట్ చేసి గేరులో వేసి, తిరుగుతున్న చైన్‌కి గుడ్డ పట్టి తుడిచే అలవాటు కుర్రాళ్లలో బాగా ఉంది. గుడ్డతో పాటు వేళ్లు కూడా స్ప్రాకెట్లోకి పోతాయి. అలా వేలు పోయినవాళ్లని నేను చూశాను. ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, చక్రాన్ని వెనక్కి చేత్తో తిప్పుతూ తుడవండి. ఆరాక లూబ్ రోలర్ల మీద లోపలి వైపు నుంచి కొట్టండి. రాత్రి కొట్టి పొద్దున బండి తీస్తే టైరు మీదికి చిమ్మదు.