పదో తరగతి పరీక్షలు ఇప్పుడు తేలికా? కిటికీ పక్క వరుసను అడగండి

"మన కాలం కంటే ఇప్పటి పిల్లలకు పదో తరగతి పరీక్షలు తేలికైపోయాయా?" అని అడిగారు. మార్కులు ధారాళంగా వేస్తున్నారు, అది ఒప్పుకుంటాను. పేపరు తేలికైందంటే మాత్రం ఒప్పుకోను. ఆ మాట అనేవాళ్ళలో ఎక్కువమంది నా వయసువాళ్ళే. వాళ్ళకు కిటికీల సంగతి గుర్తులేనట్టుంది.

నేను పది రాసింది 1994లో, గుంటూరు జిల్లాలో ఒక మండల కేంద్రంలో. అప్పుడు 11 పేపర్లు. హిందీ తప్ప అన్నీ రెండేసి. లెక్కల పేపరు 50 మార్కులకైతే అందులో 15 బిట్లవే, అంటే ఒక్క ముక్కలో జవాబు రాసే చిన్న ప్రశ్నలవి. రెండు గంటలయ్యాక బెల్లు కొట్టి బిట్ పేపర్ ఇచ్చేవాళ్ళు. అరగంటలో నింపి, ఆన్సర్ షీట్లతో కలిపి దారంతో కట్టెయ్యాలి. ఆ అరగంట కోసం స్కూలు బయట తిరునాళ్ళంత జనం.

లెక్కలు రెండో పేపరు రోజు మా గది వెనక ప్రహరీ గోడెక్కి ఇంటర్ చదివే అన్నయ్యలు కూర్చున్నారు, ఒళ్ళో గైడు పెట్టుకుని. మంచినీళ్ళు పోసే కుర్రాడి చేతిలో ఒక బిట్ పేపర్ బయటికి పోయింది. కాసేపటికి జవాబుల చీటీ రాయికి చుట్టుకుని లోపల పడింది. ఇన్విజిలేటర్ సారు వరండాలో నిలబడి కాపీలు పట్టుకునే స్క్వాడ్ జీపు వస్తుందేమోనని చూస్తున్నారు, మా తరఫున. గోడమీది మేధావికి తొమ్మిదో బిట్టు రాలేదు. ఖాళీ వదలకుండా పదోదాని జవాబు అక్కడ రాసేశాడు. ఇక అక్కణ్ణుంచి అన్నీ ఒకటి చొప్పున పైకి జరిగిపోయాయి. కిటికీ పక్క వరుస వరుసంతా, సగటు ఎంత అంటే మాత్రిక దింపారు. సైన్ 30 విలువకు సరళరేఖ సమీకరణం రాశారు. చీటీ మా వరుసకు చేరేలోపు బెల్లు కొట్టేశారు కాబట్టి నేను బతికిపోయాను. ఆ వరుసలో కూర్చున్న ఒకాయన ఇప్పుడు ఏటా రిజల్ట్స్ రాగానే "మా రోజుల్లో పాసవడమంటే మాటలా!" అని స్టేటస్ పెడతాడు.

ఇప్పుడు సబ్జెక్టుకు ఒక్కటే పేపరు, సైన్స్ మాత్రం రెండు ముక్కలు. ఆంధ్రలో విడి బిట్ పేపర్ కూడా ఎత్తేశారు. చూడటానికి హాయిగానే ఉంది. కానీ మేము మొదటి పేపరు రాసొచ్చి సగం పుస్తకం మర్చిపోయేవాళ్ళం. వీళ్ళు పుస్తకమంతా ఒక్క పూటకే బుర్రలో పెట్టుకు వెళ్ళాలి. పైగా మాకు "రెండవ ప్రపంచ యుద్ధానికి కారణాలేవి?" అనడిగితే గైడులో బట్టీ పట్టింది కక్కేస్తే సరిపోయేది. మా మేనకోడలి సోషల్ పేపర్లో ఒక పేరా ఇచ్చి, చదివి నీ అభిప్రాయం రాయమన్నారు. గైడులో చూసుకోలేదా అన్నాను. "నా అభిప్రాయం గైడులో ఎందుకుంటుంది మామయ్యా?" అంది.

ఇంకో సంగతి. ఆంధ్రలో 2019లో 94.88 శాతం పాసైతే, కరోనా సెలవుల తర్వాత 2022లో 67.26 శాతమే పాసయ్యారు. అంత తేలికైతే ఆ ఏడాది మూడోవంతు పిల్లలు ఎందుకు తప్పినట్టు?

మార్కుల విషయంలో మాత్రం మీతోనే ఉన్నాను. అప్పట్లో తెలుగు వ్యాసానికి ఫుల్ మార్కులు వేస్తే దిద్దే మాస్టారి జీతంలో కోసేస్తారేమో అన్నట్టు ఉండేది. ఇప్పుడు తెలుగులో 99 వస్తే, ఆ ఒక్క మార్కూ ఎక్కడ పోయిందని తల్లిదండ్రులు రీకౌంటింగ్‌కు కడుతున్నారు. ఆ వెంటనే ప్రైవేటు స్కూళ్ళ ఫ్లెక్సీలు. కరస్పాండెంట్ గారి ఫోటో నిలువెత్తున, మార్కులు తెచ్చిన పిల్ల ఫోటో స్టాంపు సైజులో. దానిమీద ఎవరూ ప్రశ్న అడగరు.

అన్నట్టు, హిందీకి ఇప్పటికీ 20 వస్తే పాసే. మా రోజుల్లోనూ మిగతా సబ్జెక్టుల కంటే తక్కువే పెట్టారు. "మా కాలంలో" అని మొదలుపెట్టే పెద్దలు ఈ ఒక్కదాని జోలికి మాత్రం రారు.