అడవి నడకకు ఎలాంటి కుక్కపిల్లను ఎంచుకోవాలి?

ప్రశ్న: మా తోట అడవి అంచున ఉంది. పనులు లేని రోజుల్లో నేనూ మా అబ్బాయీ రెండు మూడు రోజులు అడవిలో నడుస్తూ, రాత్రిళ్లు గుడారం వేసుకుని ఉంటాం. వెంట తీసుకెళ్లడానికి ఒక కుక్కపిల్లను పెంచాలనుకుంటున్నాం. తెలిసినవారి దగ్గర ఒకే ఈతలో పుట్టిన ఏడు వారాల పిల్లలు ఐదు ఉన్నాయి. వాటిలో బాగా దూకుడుగా ఉన్నదే అడవికి పనికొస్తుందని అంటున్నారు. దాన్నే తీసుకోమంటారా?

జవాబు: దూకుడుగా ఉన్న పిల్లను తీసుకోవద్దనే నా సలహా. అడవిలో కుక్క వల్ల మనిషికి వచ్చే ముప్పుల్లో పెద్దది అది అడవి జంతువుల వెంట పడటం. ఎలుగుబంటినో అడవిపందినో మొరుగుతూ తరిమిన కుక్క, ఆ జంతువు ఎదురు తిరగగానే ప్రాణభయంతో యజమాని దగ్గరికే పరుగెత్తుకొస్తుంది. దాని వెనకే ఆ జంతువూ వచ్చిపడుతుంది. కనుక మీకు కావలసింది బెదిరినా త్వరగా తేరుకునే, ఏం చేస్తున్నా మధ్యమధ్యలో మీ వైపు చూసే, రాత్రి చిన్న అలికిడికల్లా రెచ్చిపోకుండా నిమ్మళంగా పడుకునే కుక్క.

ఒక్కొక్క పిల్లను తల్లికీ తోబుట్టువులకూ దూరంగా, అది మునుపు చూడని చోటికి తీసుకెళ్లి, కాసేపు తిరగనిచ్చి, పదడుగుల దూరంలో ఒక ఇనుప పళ్లెం నేల మీద పడేయండి. ఉలిక్కిపడటం లోపమేమీ కాదు, ఏ ఆరోగ్యమైన పిల్లైనా ఉలిక్కిపడుతుంది. కొన్ని క్షణాల్లో తేరుకుని, పళ్లెం దగ్గరికి వెళ్లి వాసన చూసే పిల్లను గుర్తుపెట్టుకోండి. మూలకు చేరి వణుకుతూ ఉండిపోయేదాన్నీ, మొరుగుతూ మీదికి ఎగబడేదాన్నీ పక్కన పెట్టండి. తర్వాత ఒక గుడ్డపేలికను దారానికి కట్టి లాగండి. వెంటపడటం సహజమే, లాగడం ఆపి మీరు పిలిచినప్పుడు పేలికను వదిలి మీ దగ్గరికి వచ్చే పిల్ల ముందుముందు పిలుపు వినడం సులభంగా నేర్చుకోవచ్చు.

అయితే ఇంత లేత వయసులో చేసే పరీక్షలు పెద్దయ్యాక ఉండబోయే స్వభావాన్ని కచ్చితంగా చెప్పలేవు. కాబట్టి కొత్తవారు వచ్చినప్పుడు తల్లి ఎలా ఉంటుందో తప్పక చూడండి. పిరికితనం కొంతవరకు వంశపారంపర్యంగా వస్తుంది. నన్నడిగితే, స్వభావం కుదురుకున్న రెండేళ్ల కుక్క దొరికితే పిల్లకంటే అదే నమ్మకమైన ఎంపిక.

జాతి సంగతికి వస్తే, వాసన పట్టుకుని పోయే హౌండ్లనూ, చూపుతో వేటాడే సన్నని వేటకుక్కలనూ తరతరాలుగా వెనుదిరిగి చూడకుండా పరుగెత్తడానికే ఎంచి పెంచారు. వాటిని అడవిలో వెనక్కి పిలవడం కష్టం. పగ్, బుల్‌డాగ్ వంటి చప్పిడి ముక్కు జాతులు ఎండకు తాళలేవు, ఎందుకంటే కుక్క తన ఒంటి వేడిని ముఖ్యంగా రొప్పడం ద్వారానే తగ్గించుకుంటుంది, ఆ ముక్కుతో అవి సరిగా రొప్పలేవు. మనిషి చెప్పినట్టు పనిచేయడానికి తీర్చిన లాబ్రడార్ వంటివి గానీ, స్వభావం బాగున్న సంకర జాతి కుక్క గానీ మీకు సరిపోతుంది.

పిల్లను ఎనిమిదో వారం వరకు తల్లి దగ్గరే ఉంచండి. మూడో వారం నుంచి దాదాపు పద్నాలుగో వారం వరకు చూసినవాటినీ విన్నవాటినీ కుక్క జీవితాంతం మామూలుగా తీసుకుంటుంది కాబట్టి, టీకాలు పూర్తికాకపోయినా దాన్ని చేతులమీద ఎత్తుకుని వాగు చప్పుడు, గుడారం, పశువులు, కొత్త మనుషులు అన్నీ పరిచయం చేయండి.

డిస్టెంపర్, పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బులు రాకుండా వేసే టీకాలు 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, 16 వారాలు నిండే వరకు 3–4 వారాలకొకసారి వేయించాలి. రేబీస్ టీకా 12 వారాలు దాటాక. టీకాలు అడవి క్షేమం కోసం కూడా, ఎందుకంటే కుక్కల జబ్బులు అడవి జంతువులకూ సోకుతాయి. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో దాదాపు మూడోవంతు సింహాలు డిస్టెంపర్ వల్లే చనిపోయాయి.

ఎముకలు ముదరడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది; అప్పటిదాకా దూరపు నడకలు వద్దు. రక్షిత అడవుల్లో చాలాచోట్ల కుక్కలను అనుమతించరు, ముందే అడిగి తెలుసుకోండి. అనుమతి ఉన్నచోట కూడా, ఎంత మాట వినే కుక్కనైనా తాడు విప్పి వదలకండి. తిరిగొచ్చాక చెవుల లోపల, కాలివేళ్ల మధ్య పిడుదుల కోసం వెతకండి.