పల్లెలో ఖర్చు తక్కువని అప్పు చేయకండి

ప్రశ్న: వ్యవసాయ శాస్త్రంలో పీజీ పూర్తి చేసి, ఒక చిన్న గ్రామంలోని పరిశోధన క్షేత్రంలో ఇటీవలే చేరాను. మూడేళ్ల ప్రాజెక్టు. ఇక్కడ ఖర్చులు తక్కువ కాబట్టి జీతంలో సగం మిగులుతోంది. వాయిదాల మీద కారు కొనాలనుకుంటున్నాను. కొంత పొలం కౌలుకు తీసుకుని సొంతంగా ఒక కొత్త రకాన్ని పరీక్షించాలనీ ఉంది. అందుకు కావలసిన సొమ్మును ఇక్కడి విత్తనాలు, ఎరువుల వ్యాపారి నెలకు నూటికి రెండు వడ్డీకి ఇస్తానంటున్నారు. బ్యాంకులో ఒక నెల జీతమంత పొదుపు ఉంది. ముందుకు వెళ్లవచ్చా?

జవాబు: వద్దు. కారు కోసం అప్పు ఇప్పుడు వద్దు, వ్యాపారి దగ్గర అప్పు ఎప్పుడూ వద్దు. పల్లెలో ప్రాజెక్టు ఉద్యోగంతో జీవితం మొదలుపెట్టే చాలామంది చేసే పొరపాటే మీరూ చేయబోతున్నారు. నెలనెలా సగం మిగులుతోంది కదా అని, అసలు జీతమే ఆగిపోయే రోజు గురించి ఆలోచించడం లేదు.

ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో 1843లో మొదలైన గోధుమ ప్రయోగం నేటికీ నడుస్తోంది. వ్యవసాయ పరిశోధనకు అంత ఓర్పు కావాలి. అందులో పనిచేసేవారి నియామకం మాత్రం చాలాచోట్ల రెండు మూడేళ్లకే ముగుస్తుంది. వర్షాలు ముఖం చాటేసి ఒక సీజన్ పోయిందంటే, అదే ప్రయోగం మళ్లీ వేయడానికి తర్వాతి సీజన్ దాకా ఆగాలి. అలాంటప్పుడు నిధులిచ్చే సంస్థలు గడువు పొడిగించినా డబ్బు పెంచకపోవచ్చు. పని మిగిలే ఉంటుంది, జీతానికి కేటాయించిన సొమ్ము అయిపోతుంది. అంతా సజావుగా సాగుతున్నా, ఒక విడత లెక్కలు ఆమోదం పొందాకే మరో విడత వచ్చే ప్రాజెక్టులు ఎన్నో. ఆ మధ్యలో కూలీల వేతనాలు, నమూనాల రవాణా మీ జేబులోంచే పెట్టి బిల్లుల కోసం ఎదురుచూడాల్సి రావచ్చు. కారు వాయిదా మాత్రం తేదీ తప్పకూడదు.

అందుకే అన్నిటికంటే ముందు అత్యవసర నిధి. ఆరు నెలల ఖర్చులు దాచమని సాధారణంగా చెబుతాం. మీకు అది చాలదు, కనీసం తొమ్మిది నెలలవి కావాలి. నగరంలో ఒక ఉద్యోగం పోతే అక్కడే ఇంకొకటి వెతుక్కోవచ్చు. మీరున్న గ్రామంలో మీ చదువుకు పని ఇచ్చేది ఆ ఒక్క క్షేత్రమే. అది ఆగితే ఊరు మారాలి. సామాను తరలింపు, కొత్త ఇంటికి అడ్వాన్సు, ఇంటర్వ్యూలకు ప్రయాణాలు, అన్నీ ఒకేసారి మీద పడతాయి. కాబట్టి ఆ తొమ్మిది నెలల లెక్కను ఇప్పటి పల్లె ఖర్చుతో వేయకండి. పట్టణంలో ఉండి ఉద్యోగం వెతుక్కుంటే ఎంతవుతుందో దానితో వేయండి. అది మీ జీతంలో ముప్పావు వంతు అనుకుంటే, దాదాపు ఏడు నెలల జీతం కావాలి. ఒక నెలది ఇప్పటికే ఉంది. మిగులుతున్న సగాన్నీ కదపకుండా దాస్తే ఏడాదిలో అక్కడికి చేరతారు. క్షేత్రం పనులకు ముందుగా పెట్టే డబ్బును ఇందులో కలపవద్దు, దానికి వేరే ఖాతా ఉంచండి.

ఇక వ్యాపారి అప్పు. చదువుకున్నవారు కూడా ఇలాంటి అప్పుకు సిద్ధపడుతుంటే కోపం వస్తుంది. అది ఏడాదికి 24 శాతం వడ్డీ. కట్టలేక వదిలేస్తే, వడ్డీకి వడ్డీ తోడై 36 నెలల్లో, అంటే మీ ప్రాజెక్టు వ్యవధిలోనే, బాకీ రెట్టింపు దాటుతుంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. ఆయన అమ్మే సరుకు గురించి రైతులకు నిజం చెప్పాల్సిన మనిషి మీరు. చిన్న ఊళ్లో ఎవరు ఎవరికి బాకీ ఉన్నారో దాగదు. ఆ విత్తనం పనికిరాదని మీ ప్రయోగంలో తేలితే ధైర్యంగా చెప్పగలరా? బాగుందని తేలితే మాత్రం రైతులు మీ మాట నమ్ముతారా? పైగా ఒక్క పొలంలో ఒక్క సీజన్ పండించి ఏ రకం గుణమూ తేల్చలేమని మీకు నాకంటే బాగా తెలుసు. ఆ ఆలోచనలో సత్తా ఉంటే ప్రాజెక్టులోనే ప్రతిపాదనగా పెట్టండి. ఆ ఖర్చు, ఆ నష్టభయం సంస్థ భరించాల్సినవి, మీరు కాదు.

సంస్థ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే ముగుస్తుంది కనుక సొంత పాలసీ తీసుకోండి. ట్రాక్టర్లు, పురుగుమందులు, పాములు, రాత్రిపూట గతుకుల దారులు మీ రోజువారీ పనిలో భాగం కాబట్టి అంగవైకల్యానికీ వర్తించే ప్రమాద బీమా కూడా తప్పనిసరి. మీపై ఆధారపడినవారు ఉంటేనే టర్మ్ పాలసీ, అంటే గడువులోగా మరణిస్తేనే కుటుంబానికి సొమ్ము వచ్చే జీవిత బీమా. రాకపోకలకు పాత ద్విచక్ర వాహనం నగదుతో కొనండి, నిధి నిండటం రెండు మూడు నెలలు ఆలస్యమైనా ఫర్వాలేదు. మ్యూచువల్ ఫండ్లలో మదుపు సంగతి ఆ తర్వాత చూద్దాం.

ఈలోగా నియామక పత్రం తీసి రెండు విషయాలు చూడండి. తొలగించాలంటే ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలి? గడువు పొడిగిస్తే ఆ నెలల జీతం ఎక్కడి నుంచి వస్తుంది? అందులో స్పష్టంగా లేకపోతే ప్రాజెక్టు అధిపతిని ఈ నెలలోనే లిఖితపూర్వకంగా అడగండి.